ఐబీఎస్ అన్నారు... ఇంకా ఏ పరీక్షలు చేయించుకోవాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. కొండాపూర్‌లో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పది నెలలుగా పొద్దున లేవగానే మూడు నాలుగు సార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాల్సి వస్తోంది. ముందు బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి, వెళ్లొస్తే తగ్గుతుంది. సాయంత్రానికి పొట్ట డప్పులా ఉబ్బుతుంది. ఫుల్ బాడీ చెకప్, అల్ట్రాసౌండ్, విడాల్ (టైఫాయిడ్ పరీక్ష) అయ్యాయి. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అని వచ్చింది. అమీబియాసిస్ (పేగులో అమీబా) అని మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మూడు కోర్సులు వాడాను, చివరిది నెల కిందట అయిపోయింది. తర్వాత చూపించిన డాక్టరుగారు ఐబీఎస్ (ఇరిటబుల్ బౌల్ సిండ్రోమ్, అంటే పేగు చూడటానికి బాగానే ఉన్నా పనితీరు గాడి తప్పడం) అన్నారు. రోజూ ఎసిడిటీ మాత్ర పాంటోప్రజోల్ వేసుకుంటున్నాను. రెండు నెలల కిందట చపాతీలు మానేశాక కొంచెం నయం. నెలసరి నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, జుట్టు రాలుతోందని బయోటిన్ వాడతాను. ఆఫీసులో ఒకరు కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించుకోమంటున్నారు. మా వదిన ఫుడ్ ఇన్‌టాలరెన్స్ కిట్ తెప్పించుకోమంటోంది. క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదు. రిపోర్టులు జత చేశాను. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: మీ రిపోర్టుల్లో ఇంట్లో అందరినీ కంగారుపెట్టింది ఫ్యాటీ లివర్. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ వల్ల విరేచనాలు కావు, కడుపు మెలిపెట్టదు. చూడాల్సిన గీత వేరే ఉంది. ఫుల్ బాడీ చెకప్ రెండో పేజీలో హిమోగ్లోబిన్ 10.8, దానికి కాస్త కింద ఎంసీవీ 74. ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే, ‘ఆడవాళ్లకు మామూలే’ అని వదిలేసేది కాదు. ఎంసీవీ అంటే ఎర్ర రక్తకణం సగటు సైజు. అది 80 కంటే తక్కువుందంటే కణాలు చిన్నవైపోయాయని, చాలామందిలో అందుకు కారణం ఐరన్ చాలకపోవడం. మీకది నెలసరి వల్లే అయ్యుండే అవకాశం ఎక్కువ. కానీ పక్కన పది నెలల విరేచనాలు ఉన్నప్పుడు ఆ ఊహతో సరిపెట్టుకోకూడదు.

మీకు ఐబీఎస్ అన్న డాక్టరుగారు తప్పు చెప్పారని దీని అర్థం కాదు. ఐబీఎస్‌కి రక్తంలోనో స్కానులోనో కనపడే గుర్తంటూ ఏదీ లేదు. లక్షణాల తీరును బట్టే నిర్ధారిస్తారు. 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక్క రోజైనా కడుపునొప్పి ఉండాలి, బాధ మొదలై ఆరు నెలలు దాటి ఉండాలి. ఆ నొప్పికి విరేచనంతో సంబంధం ఉండటం, ఎన్నిసార్లు వెళ్తున్నారన్నది మారటం, మలం తీరు మారటం అనే మూడింటిలో రెండు కలవాలి. మీరు రాసినది దానికి అతికినట్టు సరిపోతోంది. కాబట్టి ఇప్పుడు పరీక్షలకు మిగిలిన పని ఒకటే, ఐబీఎస్ ముసుగులో ఇంకేదైనా దాక్కుందా అని చూడటం. అందుకు కావలసినవి అయిదారు మాత్రమే. మీరు ఖర్చుపెట్టిన జాబితాలో వాటిలో రెండే ఉన్నాయి, అందులో ఒకటి మళ్లీ చేయించాలి.

లాబ్‌కి వెళ్లేముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతిసారీ టైము, మలం ఎలా ఉంది, నొప్పి పదికి ఎంత, వెళ్లొచ్చాక తగ్గిందా లేదా రాయాలి. మలం తీరుకు డాక్టర్లు బ్రిస్టల్ స్కేలు వాడతారు. మేక పెంటికల్లా ఉంటే 1, మెత్తగా అరటిపండులా వస్తే 4, జావలా ఉంటే 6, నీళ్లే అయితే 7. ‘మోషన్స్ అవుతున్నాయండీ’ అని చెప్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు 6, రెండు రోజులు 7’ అంటే డాక్టరుగారి చేతిలో సగం పని అయిపోయినట్టే. ఇంకొకటి తప్పకుండా రాయండి: గాఢనిద్రలో ఉండగా కడుపు లేపిందా? నిద్ర పట్టక దొర్లుతూ ఎలాగూ మెలకువగా ఉన్నాను కదా అని వెళ్లడం వేరు, విరేచనం ఒత్తిడికే మెలకువ రావడం వేరు. రెండోది ఐబీఎస్‌లో సాధారణంగా కనపడదు. జిగట పడితే భయపడక్కర్లేదు, ఐబీఎస్‌లోనూ పడుతుంది. రక్తం పడితే మాత్రం అది వేరే కథ.

ఇక పరీక్షలు. మీ విషయంలో ఏవి చేయించాలన్నదానికంటే ఎప్పుడు చేయించాలన్నదే పెద్ద చిక్కు. మీరు వాడుతున్న మాత్రలూ, మానేసిన చపాతీలూ ఒక్కోటీ ఒక్కో పరీక్షను తప్పుదోవ పట్టిస్తాయి.

చపాతీతో మొదలుపెడదాం. సీలియాక్ జబ్బు అంటే గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు లోపలి పొర దెబ్బతినడం. ఉత్తరాదితో పోలిస్తే మన దగ్గర తక్కువ. అయినా విరేచనాలూ, ఐరన్ లోపంలా కనపడే రక్తహీనతా కలిసి ఉన్న మీకు ఈ పరీక్ష వదలకూడదు. పేరు టీటీజీ ఐజీఏ. దాంతోపాటు టోటల్ ఐజీఏ కూడా రాయించుకోండి, ఎందుకంటే కొందరి ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీలే తక్కువగా ఉంటాయి, వాళ్లకు జబ్బున్నా మొదటి పరీక్ష నెగెటివ్‌గా వస్తుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఈ పరీక్ష పట్టుకునేది గ్లూటెన్ తిన్నప్పుడు ఒళ్లు తన సొంత ఎంజైమ్ మీదే తయారుచేసే యాంటీబాడీలను. గోధుమ మానేస్తే అవి నెమ్మదిగా తగ్గిపోతాయి. రెండు నెలలుగా అన్నమే తింటున్న మీకు ఇవాళ నెగెటివ్ వస్తే దానికి విలువ లేదు. కనీసం ఆరు వారాలు, రోజుకు ఒకటి కంటే ఎక్కువ పూటల్లో గోధుమ తిని అప్పుడు రక్తం ఇవ్వాలి. పొద్దున రెండు చపాతీలు, రాత్రి రెండు అనుకోండి, లేదా ఒక పూట ఉప్మా. (మన బొంబాయి రవ్వ గోధుమదే, రాగి, జొన్న రొట్టెలు లెక్కలోకి రావు.) అన్ని రోజులు తట్టుకోలేనంత బాధైతే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యుపరీక్ష ఉంది, దానికి తిండితో పనిలేదు. రెండూ లేకపోతే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉంటే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు, ఆ జన్యువులు ఆరోగ్యంగా ఉన్న ఎంతోమందిలో ఉంటాయి.

‘మానేస్తే నయంగా ఉంది కదా, మళ్లీ తినడం ఎందుకు’ అనిపించడం సహజం. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు ఉంటాయి, ఉల్లి వెల్లుల్లిలోనూ ఉంటాయి. ఐబీఎస్ ఉన్నవాళ్లకు గ్యాస్ పట్టించేది చాలాసార్లు అవే. అదే అయితే జీవితాంతం గోధుమకు దూరంగా ఉండక్కర్లేదు, మోతాదు తగ్గించుకుంటే చాలు. సీలియాక్ అయితే పొడి అంటిన పెనం కూడా పనికిరాదు. తేడా అంత పెద్దది కాబట్టి ఆరు వారాల కష్టం పడాల్సిందే.

ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ మీకు రెండో ముఖ్యమైన పరీక్ష. పేగులో వాపు ఉంటే అక్కడికి చేరిన తెల్లకణాలు వదిలే ప్రొటీన్ ఇది, మలంలో కొలుస్తారు. గ్రాముకు 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి దీర్ఘకాలిక పేగు వాపు జబ్బులు ఉండే అవకాశం బాగా తక్కువ. 250 దాటితే కొలనోస్కోపీ గురించి మాట్లాడాల్సిందే. మధ్యలో వస్తే కంగారుపడకుండా కొన్ని వారాలాగి మళ్లీ చేయించాలి. ధర నాలుగంకెల్లో ఉంటుంది, కాబట్టి తప్పుడు సమయంలో ఇచ్చి డబ్బు పోగొట్టుకోకండి. మెఫెనమిక్ యాసిడ్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు దీన్ని పెంచేస్తాయి. మీరు రోజూ వేసుకునే పాంటోప్రజోల్ కూడా పెంచగలదు. శాంపిల్‌కి ముందు రెండు వారాలు నొప్పి మాత్రలు ఉండకూడదు, అవసరమైతే పారాసెటమాల్ వేసుకోవచ్చు. పాంటోప్రజోల్ ఎందుకు మొదలైందో, ఆపవచ్చో డాక్టరుగారిని అడగండి. ఎసిడిటీ లేకుండా వాడుతుంటే చాలామందికి ఆపేస్తారు, ఆపిన కొత్తలో కొన్నాళ్లు గుండెల్లో మంట కొంచెం ఎక్కువ కావచ్చు, తర్వాత సర్దుకుంటుంది. నెలసరి రోజుల్లో శాంపిల్ వద్దు. మీరు నొప్పి మాత్ర మొదటి రెండు రోజులే వేసుకుంటారనుకుంటే, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 18వ రోజు నుంచి 25వ రోజు లోపు మీకు అనువైన వారం. బయట ఏదో తిని నీళ్ల విరేచనాలు పట్టుకున్న నెలలో కూడా ఇవ్వకండి, మామూలు ఇన్‌ఫెక్షన్‌కే అంకె పైకి పోతుంది.

అన్నట్టు, మెఫెనమిక్ యాసిడ్‌కి విరేచనాలు తెప్పించే గుణం కూడా ఉంది. నోట్‌బుక్‌లో ఆ మాత్ర వేసుకున్న రోజులకు చుట్టూ గీత గీయండి. ఏదైనా కలుస్తుందేమో చూద్దాం.

మలపరీక్ష విషయానికొస్తే, మీ మూడు మెట్రోనిడజోల్ కోర్సులూ నడిచింది ఒక్క రిపోర్టు మీద. అందులో ‘పస్ సెల్స్ 2-4, ఎంటమీబా హిస్టోలిటికా సిస్ట్స్ సీన్’ అని ఉంది. రెండు నుంచి నాలుగు పస్ సెల్స్ (చీము కణాలు) అంటే ఏమీ లేనట్టే. ఇక సిస్ట్‌లు, అంటే గట్టి పొరలో ముడుచుకున్న అమీబాలు: ఎంటమీబా డిస్పార్ అనే అమీబా ఒకటుంది, జబ్బు తేదు, మైక్రోస్కోపు కింద దాని సిస్ట్‌లు అచ్చం హిస్టోలిటికా లాగే ఉంటాయి. కంటితో చూసి తేడా చెప్పడం కుదరదు, ఆ క్రిమి ప్రొటీన్‌నే పట్టుకునే యాంటిజెన్ పరీక్ష కావాలి. ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనపడితే అప్పుడు లెక్క వేరు. ఇలా సిస్ట్ కనపడిన ప్రతిసారీ కోర్సు రాయడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు, ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామంది దాని గుండానే వస్తారు.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐబీఎస్ లక్షణాలున్న అందరికీ మలంలో క్రిములు వెతకొద్దని ఉంది. అక్కడి నీళ్లకు అది సరిపోతుంది. ట్యాంకర్ నీళ్లు, రోడ్డు పక్క చట్నీలు ఉన్న ఊళ్లో ఒకసారి సరిగ్గా చూడటంలో తప్పులేదు. ముఖ్యంగా విరేచనాలు తెచ్చే జియార్డియా అనే పేగు క్రిమి కోసం. అది రోజూ మలంలో పడదు కాబట్టి రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు ఇవ్వాలి, లేదా జియార్డియా యాంటిజెన్ అడగాలి. యాంటీబయాటిక్ ఆపి కనీసం రెండు వారాలు అయ్యుండాలి, మీకు అయింది.

శాంపిల్ ఎలా పడతారన్న దాని మీదే సగం రిపోర్టు ఆధారపడి ఉంటుంది, దీని గురించి లాబ్‌లో ఎవరూ చెప్పరు. కమోడ్‌లో పడినది తీయకూడదు. నీళ్లు, మూత్రం, టాయిలెట్ క్లీనర్ దేనితో కలిసినా క్రిములు చచ్చిపోతాయి లేదా ఆకారం మారిపోతాయి. ముందు మూత్రవిసర్జన చేసేయండి. తర్వాత కమోడ్ అంచుకు వెడల్పాటి పాలిథిన్ కవరు లూజుగా పరచి టేపు వేయండి, ఇండియన్ టాయిలెట్ అయితే పొడి నేల మీద పాత న్యూస్‌పేపరు, దాని మీద డిస్పోజబుల్ ప్లేటు. డబ్బా మూతకున్న చెంచాతో రెండు మూడు చోట్ల నుంచి తీయండి, జిగట ఉంటే ఆ భాగం తప్పకుండా. మైక్రోస్కోపీకి ఉసిరికాయంత, కాల్‌ప్రొటెక్టిన్‌కి వేరే డబ్బాలో పెద్ద వేరుశెనగ గింజంత చాలు. డబ్బా మీద టైము రాయండి. నీళ్లగా ఉన్న మలంలో కదిలే అమీబాలు ఉంటే అరగంటలోపే చూడాలి, ఫ్రిజ్‌లో పెడితే అవి కనపడకుండా పోతాయి. అందుకే మలపరీక్షకు మాత్రం హోమ్ కలెక్షన్ పెట్టుకోకండి. మీ ఇంట్లో ఏడింటికి డబ్బా తీసుకున్న కుర్రాడు ఇంకో పదిళ్లు తిరిగి, హైటెక్ సిటీ ట్రాఫిక్ దాటి, పదకొండింటికి లాబ్ చేరతాడు. ఇంటికి దగ్గర్లో, మైక్రోస్కోపు అక్కడే ఉన్న లాబ్ ఏదో ముందే కనుక్కుని మీరే పట్టుకెళ్లండి. రక్తానికి ఆ బాధ లేదు, ఇంటికొచ్చి తీసుకున్నా పర్వాలేదు.

రక్తంలో చూడాల్సినవి ఫెరిటిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే పెరిగేది), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష). ఫెరిటిన్ ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతుందో చెబుతుంది. 15 లోపుంటే ఐరన్ లోపం ఖాయం, 30 లోపున్నా ఉన్నట్టే అనుకోవచ్చు. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది, అందుకే పక్కనే సీఆర్‌పీ చూస్తారు. ఫెరిటిన్ బాగానే ఉండి ఎంసీవీ మాత్రం తక్కువుంటే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫొరెసిస్ (హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష) చేయించాలి, పుట్టుకతో వచ్చే థలసీమియా ట్రెయిట్ అయ్యుండొచ్చు. సీఆర్‌పీ లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచి సూచన.

మీ టీఎస్‌హెచ్ 0.2 అని ఉంది. అది ఇంత తగ్గితే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందేమో అనుకుంటారు. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తే విరేచనాలు అవుతాయి, నిజమే. కానీ నమ్మేముందు మీ జుట్టు మాత్ర సంగతి చూడాలి. వాటిలో 10 మిల్లీగ్రాముల దాకా బయోటిన్ ఉంటుంది. చాలా లాబ్ మెషీన్లు పనిచేసే పద్ధతిలోనే బయోటిన్ ఒక భాగం. రక్తంలో అది ఎక్కువుంటే మెషీన్ మోసపోయి టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, ఫెరిటిన్‌ని కూడా. కనీసం రెండు రోజులు, వీలైతే మూడు రోజులు మాత్ర ఆపి ఇవ్వండి. లాబ్ వాళ్లకు చెప్పండి.

ఈ రక్తపరీక్షలకు ప్యాకేజీలు కొనక్కర్లేదు. బస్తీ దవాఖానాలో డాక్టరు రాస్తే రక్తం అక్కడే తీసుకుని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కి పంపుతారు, సీబీసీ (రక్తకణాల లెక్క), థైరాయిడ్ లాంటివి ఉచితం. టీటీజీ, కాల్‌ప్రొటెక్టిన్‌కి ప్రైవేటు లాబ్‌కి వెళ్లాల్సి వస్తే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు చూసుకోండి. నిమ్స్, ఉస్మానియా, గాంధీ మూడింటిలోనూ గాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది.

పాల సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చు. తెలుగువాళ్లలో పెద్దయ్యాక పాలు అరగనివాళ్లు బోలెడు. రెండు వారాలు పాలు, ఐస్‌క్రీమ్, పాలకోవా మానేసి చూడండి (పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి). తర్వాత ఒక సెలవు రోజు పరగడుపున పావులీటరు పాలు తాగి ఆరు గంటలు గమనించండి. అందులో దాదాపు 12 గ్రాముల లాక్టోజ్ (పాలలోని చక్కెర) ఉంటుంది. పాలు అరుగుతున్నాయా అని ఊపిరిలో చూసే హైడ్రోజన్ బ్రెత్ టెస్టులో ఇచ్చేది 25 గ్రాములు, అంటే అరలీటరు పాలంత. ఇరానీ చాయ్‌లో ఉండే కాసిన్ని పాలు ఒక్కటే మిమ్మల్ని నాలుగుసార్లు పరిగెత్తించవు. బ్రెత్ టెస్టే చేయించాలనుకుంటే యాంటీబయాటిక్ ఆపి నాలుగు వారాలు కావాలి, ముందురోజు పప్పులు, కూరలు లేకుండా తెల్లన్నం, గుడ్డు లాంటివే తినాలి. గోధుమ పరీక్షా, పాల ప్రయోగమూ ఒకేసారి పెట్టుకోకండి, ఏది ఏమిటో తెలియదు.

మీ వదినగారి కిట్ వద్దు. అది కొలిచేది ఆహారం మీద ఐజీజీ యాంటీబాడీలను. మీరు తరచూ తింటున్న వాటికి అవి ఉండటం మామూలే. రిపోర్టులో బియ్యం, పప్పు, పెరుగు ఎర్రగా మార్కు చేసి పంపుతారు, మీరు అవన్నీ మానేసి ఇంకా నీరసపడతారు. విడాల్ టైఫాయిడ్ జ్వరానికి సంబంధించినది, జ్వరమే లేని పది నెలల బాధలో దానికి చోటు లేదు. క్యాన్సర్ భయంతో సీఈఏ, సీఏ 19-9 లాంటి రక్తంలో చూసే క్యాన్సర్ మార్కర్లు చేయించాలనిపిస్తుంది. నిర్ధారణకు అవి పనికిరావు, పొగతాగేవాళ్లలో కూడా సీఈఏ కాస్త పెరుగుతుంది. టీబీ భయంతో రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఎవరైనా రాస్తే చేయించకండి, నమ్మదగినది కాదని 2012లో మన కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. పేగు టీబీ ఈ దేశంలో నిజంగా ఉన్నదే, కానీ అది బయటపడేది కొలనోస్కోపీలో తీసిన చిన్న ముక్కను పరీక్షించే బయాప్సీతో.

కొలనోస్కోపీ దగ్గరికి వచ్చాం. మీ వయసుకి ఐబీఎస్ లక్షణాలు మాత్రమే ఉండి ఉంటే అవసరం లేదని చెప్పేవాళ్లం. ఐరన్ లోపం ఖాయమైతే మాత్రం ‘అవసరం లేదు’ అన్న మాట చెప్పలేం. అది కాకుండా కాల్‌ప్రొటెక్టిన్ 250 దాటినా, రక్తం పడినా, ప్రయత్నించకుండా బరువు తగ్గినా, రాత్రి నిద్రలోంచి లేపినా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా చేయించాల్సిందే. చేయించేటప్పుడు రెండు విషయాలు ముందే అడగండి: చిన్నపేగు చివరి భాగం, అంటే టెర్మినల్ ఇలియం దాకా వెళ్లి చూడమనండి, టీబీ, క్రోన్స్ ఎక్కువగా కూర్చునేది అక్కడే. పేగు బాగానే కనపడినా బయాప్సీ తీయమనండి, మైక్రోస్కోపిక్ కొలైటిస్ అనే పేగు వాపు కంటికి కనపడదు.

కొలనోస్కోపీ ఎక్కువగా చెడేది ప్రిపరేషన్‌లో, అంటే ముందు పేగు శుభ్రం చేసుకోవడంలో. పాలిథిలీన్ గ్లైకాల్ ద్రావణం మొత్తం ముందురోజు సాయంత్రమే తాగేస్తే తెల్లారేసరికి కుడివైపు పేగు మీద పచ్చటి పసరు పొర పేరుకుంటుంది, చిన్నచిన్న తేడాలు దాని కింద దాక్కుంటాయి. సగం సాయంత్రం, సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు తాగాలి. మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, జామ, టమాటా, వంకాయ గింజలు వద్దు. ముందురోజు కొబ్బరినీళ్లు, పాలు లేని టీ తాగొచ్చు. రూహ్ అఫ్జా వద్దు, ఆ ఎరుపు లోపల రక్తంలా కనపడుతుంది. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. మత్తు ఇస్తారు కాబట్టి ఒకరిని తోడు తీసుకెళ్లండి, ఆ రోజు స్కూటీ నడపొద్దు.

మల విసర్జన తారులా నల్లగా అయినా, రక్తం ధారగా పడినా, వాంతులతో పొట్ట బిగుసుకుపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఈ వరసంతా పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు వరస ఇలా పెట్టుకోండి. ఈ వారం: బయోటిన్ ఆపి, మూడో రోజు ఫెరిటిన్, సీఆర్‌పీ, టీఎస్‌హెచ్. చపాతీలు మళ్లీ మొదలు. వచ్చే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 18వ రోజు నుంచి 25వ రోజు లోపు కాల్‌ప్రొటెక్టిన్, మూడు మలపరీక్షలు. ఆరు వారాలు పూర్తయ్యాక టీటీజీ. పాజిటివ్ అయితే పైనుంచి ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లోంచి కనీసం నాలుగు ముక్కలు తీస్తారు, ఆ రిపోర్టు వచ్చేదాకా చపాతీ మానకండి. ఫెరిటిన్ తక్కువ వస్తే ఐరన్ మొదలుపెట్టడానికి వీటిలో దేనికోసమూ ఆగక్కర్లేదు. నల్లగా విరేచనమవుతుంది, అది మాత్ర రంగే (తారులా జిగటగా ఉంటే మాత్రం పైన చెప్పినట్టు ఆసుపత్రికి వెళ్లాలి). చాయ్‌కీ మాత్రకీ మధ్య కనీసం గంట ఉండాలి, చాయ్‌తో వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, పాంటోప్రజోల్ కూడా దానికి అడ్డే. నాలుగు వారాల తర్వాత సీబీసీ మళ్లీ చేయించండి. 10.8 కాస్తా 12 దాటి 13 దగ్గరికి రావాలి. సరిగ్గా వేసుకున్నా అక్కడే ఉండిపోతే, మిగతా రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా సరే, ఆ కాగితం పట్టుకుని గాస్ట్రోఎంటరాలజిస్టు దగ్గరికి వెళ్లి రెండు వైపుల (నోటి నుంచీ, కింది నుంచీ) ఎండోస్కోపీ గురించి అడగండి.